పాటల సేకరణకు పోషకులు కావాలంటే ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అచ్చంపేట దగ్గర ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్తున్నావు, జీతం 18 వేలు, నాలుగేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా ఊళ్లు తిరిగి ముసలమ్మల దగ్గర వరినాట్ల పాటలు, బొడ్డెమ్మ పాటలు, పెళ్లి పాటలు ఫోన్లో రికార్డు చేస్తున్నావు. ఇప్పుడు ఉద్యోగం వదిలేసి రెండేళ్లు పూర్తిగా ఇదే పని చేయాలని ఉంది. పూర్వం రాజులు కవులను పోషించినట్టు ఇప్పుడు ఎవరైనా పోషిస్తారా, అడిగితే అడుక్కున్నట్టు ఉండదా, ఇచ్చినవాళ్లు పెత్తనం చేయరా అని అడిగావు. నేను నల్లగొండవాణ్ణి. పదహారేళ్లుగా ఊరూరా తిరిగి శాసనాల అచ్చులు తీస్తున్నాను, అంటే రాళ్ల మీది పాత రాతలను సిరాతో కాగితం మీదికి ఎక్కిస్తున్నాను, అందులో గత పదకొండేళ్లుగా ఆ పని నడుస్తున్నది 26 ఇళ్లవాళ్లు నెలనెలా ఇచ్చే డబ్బుతోనే. కాబట్టి ఎక్కడో విన్నది చెప్పడం లేదు.

పోషకులు దొరుకుతారు. కానీ ఒక్క రాజు కోసం వెతకొద్దు, ఉద్యోగం కూడా ఇప్పుడే వదలొద్దు. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదువు.

ముందు సిగ్గు సంగతి, ఎందుకంటే నువ్వు అక్కడే ఆగిపోయావని నాకు అర్థమైంది. మా నాయన మగ్గం నేసేవాడు. మా చిన్నప్పుడు మా ఊరికి రెండు మూడేళ్లకోసారి కూనపులివాళ్లు వచ్చేవాళ్లు, మా పద్మశాలీలకు కులపురాణం చెప్పేవాళ్లు వాళ్లే, పటం కట్టి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. పద్మశాలీలకు వాళ్లున్నట్టే గొల్లలకు మందెచ్చులవాళ్లు, మాదిగలకు చిందువాళ్లు, డక్కలివాళ్లు ఉన్నారని నీకు తెలిసే ఉంటుంది. ఏ ఊరు ఏ కుటుంబానిదో వాళ్లలో వాళ్లకు లెక్క ఉంటుంది, దాన్ని మిరాశి అంటారు, అన్నదమ్ములు వేరుపడితే మిరాశి ఊళ్లు కూడా పంచుకుంటారు. వాళ్లు వచ్చి "ఏమన్న ఇస్తరా" అని అడగడం నేను ఎన్నడూ వినలేదు. "మా త్యాగం ఎంత కట్టిన్రు" అని అడిగేవాళ్లు, త్యాగం అంటే వాళ్లకు ఊరు ఇవ్వాల్సిన పైకం. పెద్దమనుషులు కూర్చుని మగ్గానికింత అని తేల్చేవాళ్లు, మా నాయన గొణిగేవాడు, కానీ ఇచ్చేవాడు, ఎందుకంటే అది వాళ్లకు రావలసింది. ఆ పద్ధతిలో కులం ఉంది, అవమానాలు కూడా ఉన్నాయి, చిందువాళ్లు, డక్కలివాళ్లు పడ్డ బాధ చిన్నది కాదు, దాన్ని మళ్లీ తెద్దామని నేను అనను. అందులో నుంచి నేను తీసుకున్నది ఒక్కటే. పనికి పైకం రావడం హక్కు, ఎంత అనేది ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. నువ్వు ఎవరి ముందైనా కూర్చున్నప్పుడు "మా త్యాగం" అన్న ఆ గొంతు గుర్తు చేసుకో.

ఇక రాజుల సంగతి. మన పాలమూరు సంస్థానాల పేరు అంతా చెప్పుకుంటారు, గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం. గద్వాలను విద్వద్గద్వాల అనేవాళ్లు. తిరుపతి వేంకట కవుల వంటివాళ్లు కోస్తా నుంచి ఇంత దూరం వచ్చి ఈ సంస్థానాల్లో అవధానాలు చేసి వెళ్లారు. శాలువా, నూటపదహార్లు అందరికీ గుర్తుంటాయి గానీ నా దృష్టిలో అసలు గొప్ప సంగతి వార్షికం, అంటే ఏటేటా ఫలానా పండితుడికి ఇంత అని కట్టుబడి ఇచ్చేది. సన్మానంతో ఒక రోజు గడుస్తుంది, వార్షికంతో ఇల్లు గడుస్తుంది. అయితే ఇచ్చే చెయ్యి ఒక్కటే. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానాలు పోయాయి, ఆ ఆదరణ మీద బతికిన పండితుల ఇళ్లు ఎలా అయ్యాయో ఆ ప్రాంతం పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. ప్రభుత్వం ఒక్కటే పోషకుడైనా ఇంతే. 1957లో పెట్టిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీని 1983లో రద్దు చేశారు, దాని మీద ఆశపెట్టుకున్న పనులు అక్కడే ఆగాయి.

గద్వాలలో ఒక్కటి మాత్రం ఆగలేదు. ఏటా బ్రహ్మోత్సవాలకు తిరుమల స్వామికి గద్వాల నుంచి జోడు పంచెలు వెళ్తాయి, ఏరువాడ జోడు పంచెలంటారు. నేతగాళ్లు దీక్ష పట్టి మండలం రోజులు నియమంగా నేస్తారు. రాజ్యం పోయినా సంస్థానం వారసుల తరఫున ఇప్పటికీ నడుస్తున్నది. ఎందుకు నిలిచింది అని నేను చాలా ఆలోచించాను. ఏం నేయాలి, ఎంత కొలత, ఎప్పటికి అందాలి, ఎవరు నేయాలి, నాలుగూ ఖాయంగా ఉన్నాయి. ఇంకెవరో మధ్యలో వచ్చి ఈసారి రంగు మార్చండి, మా పేరు వేయండి అనడానికి చోటు లేదు.

నా సొంత అనుభవం చెప్తాను. నేను మొదట్లో నువ్వు అనుకుంటున్నట్టే ఒక్క పెద్దమనిషిని పట్టుకున్నాను. కాంట్రాక్టు పనుల్లో బాగా సంపాదించినాయన, చరిత్ర అంటే నిజంగానే ఇష్టం, మా జిల్లా శాసనాల మీద నా మొదటి పుస్తకం అచ్చు ఖర్చంతా భరిస్తానన్నాడు. సంతోషంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏమీ రాసుకోలేదు, పెద్దమనిషి మాట చాలనుకున్నాను. డీటీపీ అయిపోయింది, ప్రూఫులు దిద్దాను, అప్పుడు కబురు వచ్చింది, మా ఇంటిపేరు ఫలానా శాసనంలో ఉన్న సామంతుల ఇంటిపేరే కదా, ఒక అధ్యాయం అట్లా రాయి అని. ఆ రాయి మీద ఆ పేరు లేదు. ఉన్నదని రాస్తే పుస్తకం మొత్తం అబద్ధమవుతుంది. లేదని చెప్పాను, ఆయన కోపం కూడా చేసుకోలేదు, ఫోన్ ఎత్తడం మానేశాడు అంతే. పుస్తకం పద్నాలుగు నెలలు ప్రెస్సులో పడి ఉంది, ప్రెస్సాయనకు ఇచ్చిన అడ్వాన్సు నా భార్య గొలుసు కుదువపెట్టి తెచ్చినది. ఆ పద్నాలుగు నెలల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పుడు నాకు బుద్ధి చెప్పింది రాళ్లే. చదివేది నేనే, అర్థం చేసుకోనిది నేనే. మన పానగల్లు గుళ్లు, పిల్లలమర్రిలో రేచర్ల వంశంవాళ్లు కట్టించిన గుళ్లు, ఎక్కడ చూసినా శాసనంలో ఉండేది ఏమిటి? ఇచ్చింది ఎవరు, ఏ రోజు, ఏ చెరువు వెనక ఎన్ని మర్తురుల (అప్పటి భూమి కొలత) భూమి, ఎల్లలు ఏవి, దేనికి, అంటే దీపానికా, నైవేద్యానికా, ఆడి పాడేవాళ్లకా, అంగరంగభోగాలకా. చివర ఒక శ్లోకం, తాను ఇచ్చినదైనా ఇతరులు ఇచ్చినదైనా దాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. అంత కఠినంగా ఎందుకు రాశారంటే ఇచ్చినవాడి మనసు మారుతుందని, వాడి కొడుకు మనసు ఇంకా తొందరగా మారుతుందని వాళ్లకు తెలుసు. అందుకే కాగితం మీద కూడా కాదు, రాయి మీద చెక్కించారు. నేనేమో ఏడు వందల, ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఒప్పందాలను అచ్చు తీస్తూ, నా ఒప్పందాన్ని నోటి మాట మీద వదిలేశాను.

ఇంకో సంగతి కూడా రాళ్లలోనే ఉంది. కాకతీయుల కాలంలో వర్తకులు అంతా కూడి, అమ్మే సరుకులో బస్తాకు, పెరికకు ఇంత అని గుడికి రాసిచ్చేవాళ్లు, దాన్ని మగమ అనేవాళ్లు. ఒక్కొక్కరిది ఎంతో కాదు. ఒక వర్తకుడు దివాలా తీసినా దీపం ఆరదు. నా 26 ఇళ్ల ఆలోచన అక్కడి నుంచి వచ్చిందే.

ఆ లెక్క ఇది. నెలకు మూడు వందలు ఇచ్చే ఇళ్లు 14, ఐదు వందలు ఇచ్చేవి 9, వెయ్యి ఇచ్చేవి 3. మొత్తం 11,700. పెట్రోలు, కాగితం, సిరా, ఊళ్లో రాయి కడిగి సాయం చేసే మనిషికి కూలి, సంవత్సరానికి ఒక చిన్న పుస్తకం, అన్నీ దీనిలోనే. ఎవరిదీ మొత్తంలో పదో వంతు దాటకూడదని నియమం పెట్టుకున్నాను. ఒకాయన నెలకు ఐదు వేలు ఇస్తానని ముందుకొస్తే వెయ్యి చాలు, మీకు తెలిసిన ఇంకో నలుగురిని చూపించండి అన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత ఇద్దరిని తెచ్చాడు. పెత్తనం గురించి అడిగావు కదా, దానికి నా దగ్గర ఉన్న మందు ఇదే. పదో వంతు ఇచ్చేవాడు వెళ్లిపోయినా పని ఆగదని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు, అందుకని ఇద్దరం మర్యాదగా ఉంటాం.

వీళ్లంతా ధనవంతులు కారు. ముగ్గురు రిటైరైన టీచర్లు, ఒక మెడికల్ షాపాయన, బ్యాంకు ఉద్యోగులు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే మా ఊరి పిల్లలు, ఒక లేడీ డాక్టర్. ధనవంతుల చుట్టూ తిరగడం నేను మానేసి చాలా కాలమైంది, వాళ్ల దగ్గరికి రోజూ వందమంది వస్తారు, మన సంగతి వాళ్లకు గుర్తుండదు. నెల జీతం వచ్చేవాళ్లే నెలనెలా ఇవ్వగలరు. నీకైతే మొదట అడగాల్సింది నీ పాత విద్యార్థుల్లో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను, నువ్వు రికార్డు చేసిన అవ్వల మనవళ్లను. వాళ్ల నాయనమ్మ గొంతు వాళ్లకు వినిపించు. ఆ తర్వాత నువ్వు పెద్దగా చెప్పాల్సింది ఏమీ ఉండదు.

ఉద్యోగం ఇప్పుడే వదలొద్దన్నాను. పోషణ ముందు నీకు రోజులు కొనిపెట్టాలి. వారానికి ఆరు రోజులు చెప్తున్నావు కదా, ప్రిన్సిపాల్‌తో మాట్లాడి నాలుగు రోజులకు ఒప్పించు, తగ్గే జీతం ఆరు వేలనుకుందాం, నీ తిరుగుళ్ల ఖర్చు మూడు వేలు, ఇంకో మూడు వేలు పాడినవాళ్లకు. ఈ మూడోది నువ్వు ప్రశ్నలో రాయలేదు, తప్పకుండా రాసుకో. అవ్వ పొద్దంతా నీకు పాట చెప్తే ఆమెకు ఆ రోజు కూలి పోయినట్టే. పోషణ నీ దగ్గర ఆగిపోయి ఆమె దాకా చేరకపోతే అది ఎంత ఘోరమో నువ్వే ఆలోచించు. పేరు, ఫొటో వేస్తే చాలదు, చేతిలో కూలి పెట్టు. (నాట్ల సమయంలో పోయి ఒక్క పాట పాడమ్మా అని అడ్డం పడకు, వాళ్లు పాడుతుంటే మడి గట్టు మీద నిలబడి రికార్డు చేసుకో, మాటలు రాసుకునే పని కోతలయ్యాక పెట్టుకో.) మొత్తం 12 వేలు, అంటే దాదాపు 30 ఇళ్లు. ఏడాది నడిచాక ఆ డబ్బు ఆగకుండా వస్తుంటే అప్పుడు మిగతా నాలుగు రోజుల సంగతి చూడు.

ఉద్యోగమే పోషణ కావచ్చన్నదానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. మునగాల పరగణా, ఇప్పటి సూర్యాపేట జిల్లాలోనిది, చుట్టూ నైజాం రాజ్యం ఉన్నా అది ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో కృష్ణా జిల్లా కింద ఉండేది. అక్కడి జమీందారు నాయని వెంకట రంగారావు కొమర్రాజు లక్ష్మణరావును దివానుగా పెట్టుకున్నాడు. లక్ష్మణరావు ఆ కొలువులో ఉంటూనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం అనే గ్రంథాలయం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు, 1906లో తెలుగులో పుస్తకాలు వేసే విజ్ఞానచంద్రికా మండలి మొదలుపెట్టాడు, తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలకెత్తుకున్నాడు. జమీందారు ఆయన్ను నా మీద పద్యాలు రాయి అనలేదు, ఒక బాధ్యత ఇచ్చి, జీతం ఇచ్చి, మిగతా పనికి తోడు నిలబడ్డాడు. మండలి పుస్తకాలకు చందాదారులు కూడా ఉండేవాళ్లు, అంటే ఒక పెద్ద చెయ్యీ, అనేక చిన్న చేతులూ కలిశాయి. మీ కాలేజీ కరస్పాండెంట్ నీకు ఆ రెండు రోజులు సగం జీతంతోనైనా ఇస్తే నీ మునగాల అదే, అడిగి చూడు.

పోషణ అంటే కవులకూ గాయకులకే అని కూడా అనుకోకు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం వాళ్లమ్మ ఆసు పోస్తూ, అంటే నేతకు ముందు చేత్తో నూలును మేకుల చుట్టూ తిప్పుతూ, భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఆసు యంత్రం చేశాడు. 1992లో మొదలుపెడితే 1999కి గానీ పూర్తి కాలేదు. ఏడేళ్లు! కూలి డబ్బులే మదుపు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడేళ్లలో నెలకు కొంత ఇచ్చే ముప్పై ఇళ్లు ఉంటే అందులో ఎన్నేళ్లు తగ్గేవో, ఆసు పోసే ఎందరు తల్లుల భుజాలు అన్నేళ్లు ముందే బాగుపడేవో అని ఆలోచిస్తే నాకు మనసు ఆగదు. పని అయ్యాక దండలు వేసేవాళ్లకు కొరత లేదు. మన నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్యను చూడు, ఆయన వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం, 2022లో పద్మశ్రీ, 2024లో కట్టడం పనికి కూలీగా పోతున్నాడని పేపర్లలో చదివాం. బిరుదు ఇచ్చారు, పేరు వచ్చింది, కానీ నెలనెలా ఆగకుండా చేతికొచ్చే పైకం మాత్రం లేకపోయింది.

ఇక డబ్బు వచ్చే దారులు, త్వరగా చెప్తాను. ఒక్కసారి ఖర్చు, అంటే మంచి రికార్డర్ కొనడం, పుస్తకం అచ్చు వేయడం, వీటికి క్రౌడ్‌ఫండింగ్, అంటే ఆన్‌లైన్లో పదిమంది దగ్గరా ఒకసారి చందా పోగేయడం, పనికొస్తుంది. నెలనెలా ఖర్చుకు అది పనికిరాదు, రెండోసారి అడిగేసరికి జనం అలిసిపోతారు. అభిమానులు నెలనెలా డబ్బు పంపే పేట్రియాన్ లాంటి వెబ్‌సైట్లు 2013 నుంచి ఉన్నాయి, కానీ 2021 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆటోమేటిక్ చెల్లింపుల నియమాలు మార్చినప్పుడు మన కార్డుల మీద నెలనెలా కట్ కావడం చాలామందికి ఆగిపోయింది, మన ఊళ్లవాళ్లకు యూపీఐ ఆటోపేనే సులువు. ఈ పనికి వేరే బ్యాంకు ఖాతా తెరువు, ఇంటి డబ్బు అందులో కలపకు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50 వేలు దాటి కానుకగా వస్తే ఆ మొత్తమంతా పన్ను లెక్కలోకి వస్తుంది, నీకైతే పని కోసం క్రమంగా వచ్చేది కాబట్టి ఆదాయంగానే చూపించు, ఒక ఆడిటర్‌ను ముందే కలువు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇస్తామంటే పాస్‌పోర్టు సంగతి అడుగు. భారత పౌరుడిగానే ఉండి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లైతే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళాల చట్టం అడ్డం వస్తుంది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్ఆర్ డబ్బు చట్టప్రకారం కళలకూ వారసత్వానికీ ఇవ్వొచ్చు గానీ అది రిజిస్టరైన సంస్థలకు వెళ్తుంది, నీలాంటి ఒంటరి మనిషి చేతికి రాదు. దాని వెంట ఇప్పుడు పడకు.

అసలు పని పోషకులకు రాసే ఉత్తరం దగ్గర ఉంది. ఒక్క పేజీ. ఏం చేస్తావు, ఏ మండలాల్లో, ఎన్ని నెలలు, నెలకు ఎంత, వాళ్లకు ఏం అందుతుంది, వాళ్ల చేతిలో ఏం ఉండదు. నా ఉత్తరంలో చివరి వాక్యం ఇది: "ఏ శాసనం చదవాలి, ఏమని చదవాలి అనేది నా నిర్ణయం, తప్పు చదివితే బాధ్యత కూడా నాదే." ఇది చదివి వెనక్కి పోయినవాళ్లు ఉన్నారు, పోనీ. ఇచ్చేవాళ్లకు నా దగ్గర అందేది మూడు నెలలకోసారి ఒక ఉత్తరం, ఖర్చుల లెక్క, పుస్తకం వస్తే ఒక కాపీ, అందులో అందరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో. మన పాత పుస్తకాల్లో మహారాజపోషకులు, రాజపోషకులు, పోషకులు అని మెట్లు ఉండేవి, నేను ఆ మెట్లు తీసేశాను. దసరా వెళ్లాక ఒక ఆదివారం అందరం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర కలుస్తాం, ఆ ఏడు దొరికిన రాళ్ల అచ్చులు పరిచి చదువుతాను, లెక్క అప్పజెప్తాను, ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దులు తింటాం. మూడు వందలు ఇచ్చే టీచరమ్మ ఒకామె పోయినసారి ఒక అక్షరం దగ్గర నన్ను ఆపి, అది 'వ' కాదు 'ప' అని దిద్దింది. కరెక్టే.

కొంతమంది మానేస్తారు, దానికి సిద్ధంగా ఉండు. నాకు రెండో ఏట ఐదు ఇళ్లు తగ్గాయి. ఒకరికి ఉద్యోగం పోయింది, ఒకరింట్లో జబ్బు, మిగతావాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. రెండు నెలల ఖర్చు ఎప్పుడూ ఖాతాలో ఉంచుకో. మానేసినవాళ్లకు కూడా ఆ ఏడాది ఉత్తరాలు పంపు, నాకు ఇద్దరు అట్లాగే తిరిగి వచ్చారు.

వచ్చే ఆదివారం లోపల ఆ ఒక్క పేజీ రాసి నాకు పంపు, చూసి చెప్తాను. దాంతోపాటు బొడ్డెమ్మ పాటల్లో నీకు బాగా నచ్చింది ఒకటి రికార్డింగు పెట్టు. జాబితాలో మొదటి పేరు నాది రాసుకో, నెలకు మూడు వందలు.